మాబ్బీ అవ్వ విన్నది, నేను చూసింది

మా చిన్నప్పుడు... పొద్దుగూకేసరికి పంచాయతీ ఆఫీసు ముందర గోనెపట్టలు పరుచుకునేవాళ్లం. లోపల బల్ల మీద ఊరికంతా ఒకటే టీవీ. వారానికొకసారి అందులో ఒక సీరియల్ వచ్చేది. ఆకాశంలో దారి తప్పిన ఓడ... అందులో ఒక్కడే మనిషి. ప్రతి వారం ఏదో ఒక గ్రహం మీద దిగి, ఇంటికి దారి అడిగేవాడు.

అంతా హిందీ. దొర్నిపాడు పక్కన మా పల్లెలో హిందీ ఎవరికొచ్చు?

మాబ్బీ అవ్వకు వచ్చు. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. ఒకప్పుడు గాజుల మలారం ఎత్తుకొని, గాజులమ్ముకుంటూ చాగలమర్రి దాకా తిరిగిన మనిషి. అప్పటికే కండ్లకు పొర కమ్మి చూపు పోయింది. మాది పక్కిల్లు. చెయ్యి పట్టుకొని తీసుకుపోయే పని మా అమ్మ నాకు అప్పజెప్పింది.

అవ్వ టీవీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చునేది. బొమ్మ మాట్లాడి ఆగగానే, ఆ మాట తెలుగులో చెప్పేది. నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు. ఆమె చెవి దగ్గర మాత్రం, తెర మీద కనిపించేది చెప్పేవాణ్ణి... గుసగుసగా.

మొదటి రోజే కట్టడి పెట్టింది.

"అబ్బీ, నువ్వు చూసిందే చెప్పాల. నేను విన్నదే చెప్తా. మధ్యలో మనది కలపగూడదు."

అంగడి ఓబులేసు మామ ఎగతాళి చేసేవాడు. "ఏం మాబ్బీ, టీవీకి వీపు పెట్టి కూచ్చుంటే నీకేం కనపడతాదే?"

"కండ్లుండి నీకేం తెలిసిందో చెప్పు సామీ, వింటా!"

గోనెపట్టల మీద నవ్వులు... మామ కూడా నవ్వేవాడు.

ఆ ఓడలో మనిషి, మాటలేమీ లేనప్పుడు, జేబులోంచి ఒక తాళంచెవి తీసి చూసుకునేవాడు. వాళ్లింటిది. అది చెవికి తెలిసేది కాదు. నేనే చెప్పాలి.

"తాళంచెవి తీసినాడవ్వా."

"ఇంకా పారెయ్యల్యా?"

"ల్యా. తుడిచి మళ్లా జేబులో పెట్టుకున్యాడు."

"అట్లయితే వస్తాడు లే."

అవ్వ కొడుకు ఖాసీం, నంద్యాలలో లారీ ఎక్కి క్లీనరుగా పోయినవాడు. మళ్లీ రాలేదు. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. వాడి దగ్గర కూడా ఇంటి తాళంచెవి ఒకటి ఉండేదని మా అమ్మ అంటుండేది. అవ్వ ఆ ఇంటి తాళం మార్చలేదు. తుప్పు పట్టినా అదే.

ఆఖరి వారం వచ్చింది. ఓడ భూమి మీద దిగింది. ఆ మనిషి నడుచుకుంటూ వాళ్ల వీధిలోకి వచ్చాడు. ఎవరూ మాట్లాడటం లేదు... తెరలోనూ, బయటా. అవ్వ నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"ఏం చేస్తాండాడు?"

"నడుస్తాండాడవ్వా. వాకిలి కనపడతాంది. చెయ్యి జేబులో పెట్..."

కరెంటు పోయింది.

కాసేపు చూసి జనం గోనెపట్టలు దులుపుకొని లేచారు. అవ్వ లేవలేదు. ఓబులేసు మామ వచ్చి, ఈసారి ఎగతాళి లేకుండా, "ఇంగ రాదులే మాబ్బీ... లెయ్" అన్నాడు.

దారిలో నా భుజం పట్టుకొని నడుస్తూ అడిగింది.

"ఇల్లు చేరినాడంటావా అబ్బీ?"

చేరినాడని చెప్పాలని నాలుక దాకా వచ్చింది. కానీ కట్టడి ఉంది కదా...

"నాకు కనపల్యా అవ్వా."



"నాకూ వినపల్యా. సరే లే. బాగ చెప్పినావ్."

ఆ సీరియల్ మళ్లీ వేయలేదు. తరువాత ఆమె చెల్లెలి కొడుకు వచ్చి అవ్వను చాగలమర్రికి తీసుకుపోయాడు. పోయేటప్పుడు, ఖాసీం వస్తే తాళం తెరుచుకుంటుందో లేదోనని తాళానికి ఆముదం వేయించుకుంది... నా చేతనే. అవ్వ అక్కడే కాలం చేసింది. ఖాసీం రాలేదు.

ఈ మధ్య నంద్యాలలో నాకు కంటి ఆపరేషన్ అయింది. ఆళ్లగడ్డలో మా కూతురింట్లో ఉన్నాను. కంటికి కట్టు. రెండో కన్ను అంతంతమాత్రం. పొద్దుపోక ఊరికే కూర్చుంటే మనవరాలు ఫోను తెచ్చి పక్కన పెట్టింది. పాత టీవీ సీరియళ్లను ఇప్పుడు పుస్తకం మాదిరి చదివి వినిపిస్తారంట... తెలుగులో కూడా.

ఎవరో ఆడమనిషి గొంతు. ఆకాశంలో ఓడ... ఒక్కడే మనిషి... జేబులో తాళంచెవి అనగానే ఫోను చెవి దగ్గరికి జరుపుకున్నాను. వాడు చేసేదీ, మాట్లాడేదీ రెండూ ఆ ఒక్క గొంతే చెప్తోంది. పక్కన ఎవరూ అవసరం లేదు.

రోజూ కొంచెం కొంచెం విన్నాను. ఆఖరికి వీధి వచ్చింది. వాకిలి వచ్చింది. ఆమె చదవడం ఆపింది. తాళంలో చెవి తిరిగిన చప్పుడు... తలుపు కిర్రుమంది... లోపల్నుంచి ఎవరో "వచ్చినావా" అన్నారు. అంతే. అయిపోయింది.

"ఏం కనపడతాంది పాపా?" అన్నాను.

"ఏం కనపడదు తాతా. ఇది వినేదే!" అని నవ్వింది.

ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్లు పెట్టుకొని, ఎవరి కథ వాళ్లు వింటున్నారు. మంచిదే. కండ్లు లేనివాళ్లకు ఇంకా మంచిది. మాకు మాత్రం అప్పట్లో ఒక్క కథకు ఇద్దరు కావాల్సి వచ్చేది... మీరు ఎవరి పక్కన కూర్చొని విన్నారో, వాళ్ల పేరు కింద కామెంట్లలో రాయండి. చదువుతాను.

నిన్న కట్టు విప్పారు. అందుకే రాయగలుగుతున్నాను.

మాబ్బీ అవ్వా... వాడు ఇల్లు చేరినాడు. ఈసారి కూడా నాకు కనపల్యా. వినపడింది.