గేటుకు అంటించిన కాగితం

పదిహేనేళ్ల కిందటి మాట. మా వారు చెన్నై పక్కన మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అక్కడ మంటలు లేచాయని తెలిసి, పక్కింట్లో ఉండే బడి అయ్యోరిని తోడు తీసుకుని తొండియార్‌పేట నుంచి బస్సులో పోయాను. గేటుకు ఇంగ్లీషులో పేర్ల కాగితం అంటించి ఉంది. నేను మూడో తరగతి దాటలేదు.

"ఉండారా, లేరా? ఉన్నదున్నట్టు చెప్పండి అయ్యోరా."

"ఆస్పత్రిలో ఉండారమ్మా. తప్పకుండా ఉంటారు."

బయటి తిండికి డబ్బు తగలెయ్యడం నాకు గిట్టదు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, ఆయనకని రసం అన్నం కట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. వార్డులన్నీ వెతికాను. చివరికి శవాల గదిలో కనిపించారు.

"నా కొడుకు ఆడ శవమై పడుంటే, ఈడ పొయ్యి రాజేసి రసం కాస్తివా?" అన్నారు అత్తగారు, శవాన్ని ఇంటికి తెచ్చాక.

అయ్యోరు తల వంచుకున్నారు. "కాగితంలో ఆయన పేరు పక్కన 'మైట్ బి' అని ఉండిందమ్మా. ఆస్పత్రిలో ఉంటే ఉండొచ్చునేమో అని. ఇంగ్లీషులో అంతకన్నా చిన్న ఆశ లేదు. నీ మొహం చూసి నేనే పెంచి చెప్పినా."

జాలిపడ్డారని తెలుసు. అయినా ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, డాక్టరు ఎంత ఆశ ఉందన్నాడో అంతే చెప్పమంటాను మనవళ్లతో. ఒక్క గింజ కూడా ఎక్కువ వద్దంటాను.