తమ్ముడికి మిగిలిన పేరు

అరబ్బు దేశంలో మేముండే జింజ్‌లో, మా వీధి కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్టులో, కోసిపెట్టిన కివి పండు పుల్లటి వాసన తగిలితే ఇప్పటికీ బుట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చేస్తాను. కొట్టతను మలయాళీ, కొనేవాళ్లు అరబ్బులు, ఫిలిప్పీనోలు, మనవాళ్లు. ఎవరి భాషలో అడిగినా ఆ మాట ఒక్కటే. మా ఇంట్లో మాత్రం ఏళ్లతరబడి దాన్ని ఎవరూ పలకలేదు.

నాకు ఆ మాట పండుతో రాలేదు. చిన్నప్పుడు మా పై అంతస్తులో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ టీచరమ్మ ఉండేది. గోడలకు కూడా చెమటలు పట్టే ఉక్కపోత సాయంత్రాల్లో మేం మెట్ల మీద అష్టాచెమ్మా ఆడుతుంటే, అమ్మ వేసిన వేడి పునుగులు ఊదుకుని తింటూ ఆమె వాళ్ల దేశపు కివీ పిట్ట కబుర్లు చెప్పేది. అది ఎగరలేదట, చీకట్లో తన పేరు తానే అరుస్తుందట. ఆ అరుపునే వాళ్ల పూర్వీకులు పేరుగా పెడితే, తర్వాత దేశం దేశమే తనను ఆ పేరుతో చెప్పుకుందట, చివరికి ఎవరో చైనా పండుకి తగిలించి ఊరూరా అమ్ముకున్నారట. పిట్ట ఎగరకపోయినా పేరు వాలని చోటు లేదని పడీపడీ నవ్వేది.

ఆ ఏడే తమ్ముడు పుట్టాడు, గుండ్రంగా, భుజాల నిండా గోధుమరంగు నూగుతో. బారసాలలో నాన్నమ్మ చెప్పగా నాన్న బియ్యంలో రాసేదాకా పేరు బయటపెట్టకూడదని మా ఇంటి పట్టింపు. నాన్నమ్మేమో కాకినాడలో ఉంది, నాన్నకు సెలవు దొరకలేదు. వెకేషన్‌కి వెళ్లి చేద్దామన్నారు. అందాకా నేను వాణ్ణి కివీ అనేదాన్ని.

"పిల్లాడికి పిట్టపేరేంటే, మీ నాన్నమ్మ వింటే చంపేస్తుంది," అనేది అమ్మ, నవ్వాపుకుంటూ. వాడు మాత్రం ఆ పిలుపుకే తల తిప్పేవాడు.

టిక్కెట్లు తీశాక జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఆస్పత్రి నుంచి నాన్న ఒక్కరే వచ్చి, బారసాలకని కొన్న చొక్కా తీసుకుని వెళ్లిపోయారు. వాణ్ణి ఎక్కడ పడుకోబెట్టారో నాకెవరూ చూపించలేదు.

తర్వాత అమ్మ ఫోన్లో ఒక్కటే అడిగింది. "ఏం పేరనుకున్నారత్తయ్యా?"

"వద్దమ్మా, తెలిస్తే నువ్విక తేరుకోలేవు," అని ఏడ్చింది నాన్నమ్మ. చెప్పకుండానే పోయింది. ఆవిడ మీద నాకిప్పటికీ కోపమే.

ఆ బిల్డింగు కూల్చేశారు. టీచరమ్మ ఎక్కడుందో తెలీదు, నాన్న లేరు. నాతో ఉంటున్న అమ్మ మొన్న బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండానే అడిగింది.

"వాణ్ణి నువ్వేమని పిలిచేదానివే?"

మర్చిపోయిందేమోనని చెప్పాను. అమ్మ కత్తి పక్కన పెట్టి కళ్లు మూసుకుంది.

"అలా కాదు. పిలిచినట్టు పిలువు."