సాలొమోను పడవ ఆట

సాలొమోను ఉద్యోగం పోవడానికి కారణం నేను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. అతనికి మేలు చేద్దామనే చేశాను. అది తలుచుకుంటే నా మీద నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

నా పేరు సదాశివరావు. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ఫైళ్లు రాసి రిటైరయ్యాను. సాకేత్ దగ్గర చిన్న ఫ్లాటులో నేనూ మా ఆవిడ సుభద్రా ఉంటాం. నిరుడు వర్షాకాలంలో పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి పడిపోయింది. గ్లాసు పట్టుకోలేకపోయినందుకు కాదు నా ఏడుపు, సంతకం పోయినందుకు. బ్యాంకులో నాచేత వేలిముద్ర వేయించారు. ఆ రోజు ఇంటికొచ్చి సుభద్ర మీద ఊరికే కేకలేశాను.

ఫిజియోథెరపీకి ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లమన్నారు. అక్కడి నర్సు సరళకుమారిది నర్సాపురం. నేను తెలుగువాణ్ణని తెలియగానే, "రండి సార్, మా ఆయన దగ్గర కూర్చుని కాసేపు ఆడుకుందురుగాని" అంది. అరవై ఆరేళ్లవాణ్ణి పట్టుకుని ఆడుకోమంటుందేమిటని చిరాకుపడ్డాను.

ఆవిడ భర్తే సాలొమోను. అదే ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఫిజియోథెరపీ గదిలో గోడవారగా ఆరు పాత కంప్యూటర్లు పెట్టుకున్నాడు. ఒకప్పుడు బిల్లులు కొట్టిన కంప్యూటర్లవి. కొత్త సాఫ్ట్‌వేర్ వాటిమీద ఎక్కదని, పనికిరానివని కాగితం రాసేసి, మెట్ల కింద పడేశారు. సాలొమోను వాటిని దులిపాడు. లోపలున్నదంతా చెరిపేసి, పాత మెషిన్లు మోయగలిగే తేలికైన ఉచిత సిస్టమ్ ఎక్కించాడు. దానిమీద తాను రాసిన ఆట పెట్టాడు. ఫిజియోథెరపీ మేడమ్ నోటిమాటగా సరేనంది గానీ కాగితం మీద ఎక్కడా లేదు.

ఆటంటే మహా ఆటేం కాదు. నీలం తెర, దాని మీద నల్లటి చిన్న గీత. ఆ గీతే పడవ. బటన్ నొక్కితే ఒక తెడ్డు ముందుకు కదులుతుంది. ఊరుకుంటే ప్రవాహం వెనక్కి లాగేస్తుంది. అవతలి ఒడ్డు చేరాలి, అంతే. కీబోర్డు మీటలు మా వేళ్లకు అందవని, గుమ్మాలకు పెట్టుకునే కాలింగ్ బెల్ స్విచ్‌లను చెక్కలకు బిగించి తీగలు కలిపాడు.

"ఇదేం ఆటయ్యా, ఒక బొమ్మ లేదు, పాట లేదు?" అన్నాను మొదటిరోజు.

"బొమ్మలు పెడితే మెషిన్ ఆయాసపడుద్దండి. మీరు నొక్కాక అది అరసెకను ఆలోచించిందనుకోండి, నా చెయ్యి పన్జెయ్యలేదని మీరనుకుంటారు. నొక్కంగానే కదలాలండి. అందుకే అన్నీ పీకి పారేశాను. ఆట మొత్తం కలిపి మీ ఫోన్లో ఒక ఫోటో అంత కూడా ఉండదండి."

మొదటి వారం నా పడవ ఒడ్డు వదల్లేదు. పక్క కంప్యూటరు దగ్గర ధరంపాల్ కూర్చునేవాడు. గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్ నడుపుతూ, ఎడమచెయ్యి పడిపోయి ఇలా వచ్చాడు. "అంకుల్‌జీ, ఆప్‌కీ నావ్ సో గయీ క్యా?" అని నా పడవ నిద్రపోయిందంటూ వెక్కిరించేవాడు. నేను పళ్లు నూరుతూ నొక్కేవాణ్ణి. ఆ కోపమే పనిచేసిందేమో, నాలుగు నెలలకు అవతలి ఒడ్డు చేరాను. ఆ పై వారం పెన్ను పట్టుకున్నాను.

ఆ ఆరింటి బదులు ఆస్పత్రి కొన్న కొత్త టాబ్లెట్లు అదే గదిలో బీరువాలో ఉండేవి. వాటిలో రంగురంగుల చేపలు ఈదుతాయి, సంగీతం మోగుతుంది. వైఫై పోతే తెరుచుకోవు. వణికే వేలు ఆనిస్తే తప్పు నొక్కావంటాయి. వాటి జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు సరళకుమారి దిగులుగా కనిపించింది. "మార్చితో ఆయన కాంట్రాక్టు అయిపోద్ది సార్. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం రావాల. ఈసారి ఉంచుతారో లేదో తెలీట్లేదు. మా అబ్బాయి లెవి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ రెండో ఏడాదే కదండీ" అంది.

ఇక ఆగలేకపోయాను. డైరెక్టరుకు ఒక మెప్పు ఉత్తరం రాస్తే సాలొమోను కాగితం దానంతటదే వస్తుందనుకున్నాను. అతనికి చెప్పలేదు, తర్వాత తెలిసి సంతోషిస్తాడని. ఊరికే పొగిడితే ఎవరూ చదవరు, వివరాలుండాలి అన్నది నేను ఆఫీసులో నేర్చుకున్న విద్య. అందుకని కంప్యూటర్ల వెనకున్న స్టిక్కర్ల నంబర్లు ఆరూ రాసుకున్నాను. పనికిరానివని తీసేసిన ఈ ఆరు యంత్రాలూ ఒక్క మనిషి తెలివి వల్ల రెండేళ్లుగా లోపం లేకుండా నడుస్తున్నాయనీ, కొత్త టాబ్లెట్ల కంటే మేలుగా పనిచేస్తున్నాయనీ రాశాను. టైపు చేయించమంది సుభద్ర. నా చేత్తోనే రాస్తానని మూడు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాను. అడుగున ఆడిట్‌కు ఒక కాపీ అని కూడా రాశాను. ఆడిట్‌కు కాపీ వేస్తే ఫైలు కదులుతుందని నా అనుభవం. కదిలింది.

పనిచేసే యంత్రాలను పనికిరానివని ఎవరు రాశారు, ఆ రాత చూపించి టాబ్లెట్లు ఎందుకు కొన్నారు అని ఆడిట్ అడిగింది. రాసినవాడు పెద్ద అధికారి. ఆయన తప్పు రాసి ఉండడు కదా! కాబట్టి ఆ యంత్రాలే పనిచేయకూడదు. ముగ్గురితో కమిటీ వేశారు. ఆ ముగ్గురి ఎదుట సాలొమోను చేతికే డ్రిల్లింగ్ మెషిన్ ఇచ్చి, ఆరు హార్డ్ డిస్కులకూ చిల్లులు పెట్టించారు. ఇవి పనిచేయవని అతనిచేతే సంతకం పెట్టించారు. అనుమతి లేకుండా వాడినందుకు కాంట్రాక్టు ఆపేశారు. అతని పెన్‌డ్రైవులో ఆట ఉన్నా, ఆస్పత్రిలో ఏ కంప్యూటరులోనూ పెట్టకూడదని ఆర్డరు వేశారు.

నేను గురువారం వెళ్లేసరికి బల్ల ఖాళీగా ఉంది. బెల్ స్విచ్‌ల చెక్కలు మూల పడేసి ఉన్నాయి. ధరంపాల్ ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని చేపల్ని చూస్తున్నాడు. అతని వేలికి అవి కదలడం లేదు. "అంకుల్‌జీ, మేరీ తో అభీ ఆధీ నదీ బాకీ థీ" అన్నాడు. అతనికి ఇంకా సగం నది మిగిలే ఉంది. ఏం జరిగిందని అడిగితే ఫిజియోథెరపీ మేడమ్ తలుపు వేసి మొత్తం చెప్పింది. దీనికంతటికీ నా ఉత్తరమే కారణమని కూడా ఆవిడే చెప్పింది.

డైరెక్టరుకు మళ్లీ రాశాను. జవాబు లేదు. మొహం చెల్లక పది రోజులు ఆగి, మునిర్కాలో సాలొమోను ఉండే గదికి వెళ్లాను. సరళకుమారి డ్యూటీలో ఉంది. అతనే టీ పెట్టి ఇచ్చాడు.

"ఆ ఉత్తరం రాసింది నేనే, సాలొమోనూ."

"తెలుసండి. ఎంక్వయిరీలో జెరాక్సు నా చేతికిచ్చి చదవమన్నారండి."

"అయితే తిట్టవయ్యా! ఇలా టీ ఇస్తావేంటి?"

అతను తన గ్లాసులో కూడా టీ పోసుకున్నాడు.

"ముందు నేను చదవలేదండి. అక్షరాలే చూశాను. మూడు పేజీలండి, ఒక్క లైను కూడా కిందకి జారలేదు. సార్‌కి చెయ్యొచ్చేసిందే అనుకున్నానండి. భలే సంతోషమేసింది."

టీ ఒక గుక్క తాగాడు.

"తర్వాత చదివానండి."