ఎర్ర రంగు పడినంత మేరకే

నంద్యాలలో నేను షాపుల లోపలి మార్పులకు ప్లాన్లు గీసేవాణ్ణి. వాటిని సరిచూసి ఫీజు తేల్చేది మా పెద్ద ఇంజినీరు. ముందుగా ఆయన ప్లానులో మారే చోటుకు మాత్రమే ఎర్ర పెన్సిల్‌తో రంగు వేసేవారు. ఎర్రగా ఉన్నంత మేరకే ఫీజు.

ఒకసారి ఆళ్లగడ్డ నుంచి బట్టలు కుట్టే ఆమె వచ్చింది. అద్దెకు తీసుకున్న పెద్ద హాల్లో ఒక ట్రయల్ రూమ్ కట్టించుకోవాలట. నేను ప్లాను గీసి, ఆయన చూడకముందే హాలంతటికీ ఫీజు వేశాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఏందప్పా ఇది? కట్టేది ఒక్క గది. హాలంతా యాల లెక్కేసినావ్?" అంటూ ఆయన నేను గది గీసిన మూలకు రంగు వేయబోయి ఆగిపోయారు. "గది ఈడ కడితే వెనక తలుపు మూసుకుపోతాది. నిప్పంటుకుంటే ఆడోళ్లు యాడికి పోతారప్పా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"మళ్లా గీస్తే ఫీజు పెరుగుతాదా సార్?" అని ఆమె భయంగా అడిగింది.

"తప్పు మావోడిది. నువ్వు యాల కట్టల్లమ్మా?" అని ఆయన నవ్వేశారు. నేను గదిని పక్క గోడవైపు జరిపి గీసి ఇస్తే, ఆ గదికి మాత్రమే ఎర్ర రంగు వేసి ఫీజు తేల్చారు.

నెల తర్వాత ఆమె ఆయనకు ఫోన్ చేసింది. ఫీజులో మిగిలిన దుడ్లు కూడా కలిపి రెండో కుట్టుమిషను కొనిందట. ఆయన ఫోను నా చెవికి ఆనించి, "ఇనప్పా, మిషను ఎట్ల పరిగెత్తుతాందో!" అన్నారు, తానే కొన్నంత సంబరంగా.