ఆగని బస్సు

మా మామయ్య దర్జీ. మనిషి మరీ బక్కపలచన కాబట్టి ఊరంతా సూది అంటారు. ఆయన ప్రాణస్నేహితుడికి సైకిల్ షాపు. ఆ ఆకారం చూసి ఆయనకి డ్రమ్ము అని పేరు పెట్టారు. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి ఒకే ఒక్క హాస్యనాటకం ఆడారు. చెప్పేది వినకుండానే మందు రాసిచ్చే డాక్టరు, అరుగు మీద కూర్చుని పితూరీలు చెప్పే పెద్దమనుషులు, ఊళ్లో ఎవరున్నారో వాళ్లందరూ అందులో ఉంటారు. ఆడేది మాత్రం ఇద్దరే. వేదిక మీద ఒక దుప్పటి తెరలా కట్టి, దాని వెనక్కి ఒకడుగా వెళ్లి ఇంకొకడుగా వచ్చేవాళ్లు. చూసేవాళ్లలో ప్రతివాడూ అది పక్కవాడి గురించే అనుకుని హాయిగా నవ్వేవాడు.

అసలు పాత్రలు పంచుకోవడంలోనే పప్పులో కాలేశారు. ఏ బట్టలు ఎవరికి పడితే ఆ వేషం వాళ్లదే అని మామయ్య తీర్పు చెప్పాడు. లావువన్నీ డ్రమ్ముకి, సన్నవన్నీ తనకి. తీరా చూస్తే టీకొట్టు ఆమె, ఆమె మనసు పడ్డ బస్సు కండక్టరు, ఇద్దరూ మామయ్య వాటాకే వచ్చారు. చివర్లో వాళ్లిద్దరికీ పెళ్లి చేయాలన్న సంగతి ఈ మహానుభావులిద్దరికీ అప్పుడు గుర్తు రాలేదు.

ఇంక చేసేదేముంది, వాళ్లని కలవనివ్వలేదు. కండక్టరు వచ్చి "ఓ టీ ఇవ్వమ్మా!" అని కేకేస్తాడు. ఎవరూ పలకరు. ఉసూరుమంటూ దుప్పటి వెనక్కి పోతాడు. వెనకాల డ్రమ్ము విజిల్ ఊదుతాడు. ఒకసారి ఊదితే బస్సు ఆగినట్టు, రెండుసార్లయితే కదిలినట్టు. ఎప్పుడూ రెండుసార్లే. ఈలోగా మామయ్య శాలువా కప్పుకుని, గ్లాసు పట్టుకుని టీకొట్టు ఆమెగా పరుగెత్తుకొస్తాడు. "ఇప్పుడే పోయాడే పిచ్చిమొహమా!" అని జనం ఒకటే గోల. చిన్నప్పుడు నేను మాత్రం టీ చల్లారిపోతోందని ఏడ్చేదాన్ని. తాగేవాడు ఎటూ రాడు కదా అని అందులో చుక్క కూడా పోయరని నాకేం తెలుసు!

తర్వాత డ్రమ్ముకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పూర్తిగా పోయింది. మామయ్య రోజూ దుకాణం మూసి వాళ్లింటికి వెళ్లేవాడు. మంచం పక్కన కూర్చుని నాటకంలో తన మాట చెప్పి, ఆయన జవాబు చెప్పడానికి పట్టేంతసేపూ ఆగి, మళ్లీ తన మాట అందుకునేవాడు.

వేరేవాణ్ణి పెట్టుకుని ఆడమంటే ససేమిరా అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎన్నాళ్లిలా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటావు మామయ్యా?"

"నేను బట్టలు మార్చుకుంటుంటే అవతల వాడి గొంతు వినబడాలే. అది వింటుంటే గుండీలు వాటంతటవే కాజాల్లో పడేవి. వాడితో ఇంకొక్కసారి, ఒక్కసారి ఆడితే చాలు నాకు."

చివరికి డ్రమ్మునే వేదిక మీదికి తీసుకెళ్తానన్నాడు. ఆయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీకు దణ్ణం పెడతా అన్నయ్యా, ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు."

"ఇన్నాళ్లూ మా ఇద్దరి పనీ అదేగా తల్లీ!" అన్నాడు మామయ్య.

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మంచం మీద డ్రమ్ము ఎడమచెయ్యెత్తి తల మీద గుండ్రంగా తిప్పాడు. కండక్టరు టోపీ కావాలట. ఇంక ఆమె పక్కకి జరగక తప్పలేదు.

మామయ్య కండక్టరు చొక్కా పక్కకుట్లు విప్పి, రెండువైపులా గుడ్డ అతికి, డ్రమ్ముకి పట్టేలా కుట్టాడు. ఏర్పాటు ఏమిటంటే, డ్రమ్ము టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు, మిగతా వేషాలన్నీ మామయ్యవి. టీకొట్టు ఆమె రాగానే డ్రమ్ము రెండు విజిళ్లు ఊదాలి, అంతే. ఇంట్లో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఊపిరంతా మూతి పక్కనుంచే జారిపోయింది.

ఆ సాయంత్రం మార్కెట్ వెనక హాలు నిండింది. జనం నవ్వారు గానీ, అది జాలి నవ్వు. నాకు లేచి వెళ్లిపోదామనిపించింది. మామయ్య ఒక్కడే ఆయాసపడుతూ వేషాలు మార్చాడు. చివరికి శాలువా కప్పుకుని, గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చి డ్రమ్ము ఎదురుగా ఆగాడు.

డ్రమ్ము విజిల్ ఎడమవైపు పెదాల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గ ఉబ్బింది. బొంగురుగా ఒక కూత వచ్చింది. హాలంతా రెండోదాని కోసం ఊపిరి బిగబట్టింది. ఆయన భార్య సగం లేచి నిలబడింది.

"ఇంకోటిరా, ఇంకోటి," అని మామయ్య గుసగుసలాడాడు.

డ్రమ్ము తల అడ్డంగా ఊపాడు. విజిల్ తీసి చొక్కా జేబులో పెట్టుకుని, వంకర మూతితోనే నవ్వుతూ గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ ఘట్టానికి మామయ్య మాటలే రాసుకోలేదు. చేతిలో గ్లాసు వంక చూసుకున్నాడు. ఆడగొంతు పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఖాళీదిరా ఇది. ఇప్పుడే పెట్టి తెస్తా. వెళ్లిపోవు కదా?"

దుప్పటి వెనక్కి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. వెక్కి వెక్కి ఏడవడం మాత్రం మా అందరికీ వినిపిస్తోంది. డ్రమ్ము చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే కూర్చున్నాడు.