రెండు పక్షాలు, ఒక టెంకాయ

మా డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ సారుకు ఒక పిచ్చి ఉండేది. ఏ నీతి ప్రశ్న ఇచ్చినా రెండు పక్షాలూ ఒకరే వాదించాలి. మన మనసు ఏ పక్కనుందో క్లాసుకు తెలిసిపోయిందా, ఓడినట్టే. నాకొచ్చిన ప్రశ్న: పక్క చేని బోరు ఎండుతుందని తెలిసి కూడా మన చేలో బోరు వేసుకోవచ్చా?

సారుకు తెలియదు గానీ, అది మా ఇంటి గొడవే. మా బోరు ఎండిపోయింది. కింద నీళ్లుంటే టెంకాయ లేచి నిలబడుతుందని మావాళ్ల నమ్మకం. నీళ్లు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగితే, అది సరిగ్గా చిన్నాయన గట్టు పక్కన లేచి నిలబడింది. అక్కడ బోరు వేస్తే చిన్నాయన బోరు ఆగిపోతుంది, ఆయన చీనీచెట్లు, అవే బత్తాయిలు, ఎండిపోతాయి. ఆ చెట్ల కాయలు తిని పెరిగినదాన్ని, నాకు భయంగా ఉండేది. అన్నదమ్ములకు అప్పటికే మాటల్లేవు.

ఆదివారం పొద్దున అరుగు మీద నిలబడి గట్టిగా సాధన మొదలుపెట్టాను, కావాలనే. మొదటి పక్షం: "నా భూమి, నా నీళ్లు, అడిగేదానికి నువ్వెవరు?"

నాయన బీడీ ఆర్పి మరీ విన్నాడు. "బాగ చెప్తాండావు పాపా!"

అప్పుడే వీధిలో పోతున్న చిన్నాయన ఆగాడు. "ఏమన్నా, బిడ్డతో తిట్టిస్తాండావా?"

"ఉండు చిన్నాయనా, ఇంకా సగం ఉండాది," అని ఆయన్ను కూర్చోబెట్టి రెండో పక్షం ఎత్తుకున్నాను. చెట్టు దాహం, తోడబుట్టినవాడి దాహం, ఏదీ వదల్లేదు. నాయన ముఖం మాడిపోయింది.

"ఎవురి పక్క నువ్వు?" అని అరిచాడు.

"నేనూ అదే అడగల్లనుకుంటాండా," అన్నాడు చిన్నాయన.

"చెప్పగూడదన్నాడు సారు."

ఇద్దరూ కలిసి నన్నూ, సారునూ, కాలేజీనీ తిట్టారు. చాన్నాళ్లకు అన్నదమ్ములు ఒక మాట మీదికి వచ్చారు. అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. నాకివ్వలేదు.

మరుసటి రోజు క్లాసులో మాత్రం ఓడిపోయాను. చీనీచెట్ల దగ్గరికి వచ్చేసరికి "మా చిన్నాయన చెట్లు" అనేశాను.

ఆ సాయంత్రం నాయన టెంకాయ తానే పట్టుకుని చేలో నడిచాడు. చిన్నాయన తన గట్టు మీద నిలబడి ఆ చేతినే చూస్తున్నాడు. గట్టు పక్కన టెంకాయ కదల్లేదు. ఆ చివర, రాళ్ల దగ్గర లేచి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. నాయన బొటనవేలు దాన్ని కిందనుంచి ఎత్తడం చూశాను, ఆ చోట గుర్తుగా ఒక రాయి పెట్టాను.

అక్కడ బోరు వేస్తే దుమ్మే లేచింది, నీళ్లు పడలేదు. నాయన తువ్వాలు దులుపుకుని ఇంటికొచ్చేశాడు. వారం తిరక్కుండానే చిన్నాయన తన బోరు నుంచి మా చేలోకి పైపు లాగాడు.

"ఎందుకురా ఇది?" అన్నాడు నాయన.

"నీకు గాదులేన్నా. నీ బొటనేలికి."