మాగిన కీబోర్డు

ఈ ఉదయం ఆగిరిపల్లి నుంచి చిన్న రసాల గంప వచ్చింది. పైన కప్పిన గడ్డి తీయగానే వచ్చిన వాసనకి నా చూపు దానంతటదే బల్ల మీదున్న కీబోర్డు వైపు పోయింది. మా ఇంట్లో ఎంటర్ మీట నొక్కితే మామిడిపండు వాసన వస్తుంది. మీరు నమ్మరు. మా ఆవిడా నమ్మదు. నిజం చెప్పాలంటే ఆ వాసన, అది పట్టిన వేసవితోనే పోయింది, ఇప్పుడు వస్తున్నది నా ముక్కులోంచే.

నూజివీడు బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్ పెట్టి చుట్టుపక్కల ఊళ్ల శుభలేఖలన్నీ నేనే టైపు చేశానని కొత్తవాళ్లకి చెబుతుంటాను. పెట్టింది మా ఆవిడ, టైపు చేసిందీ ఆవిడే. నేను పొద్దున షట్టరు ఎత్తేవాణ్ణి, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేవాణ్ణి. ఆ కీబోర్డు ఇటుకంత బరువు. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు, నొక్కితే టక్కుమని పక్క కొట్టుదాకా వినిపించేది. పెళ్లిళ్ల రోజుల్లో నేను క్యారేజీ పట్టుకు నిలబడి, "చారు చల్లారిపోతోందే" అంటే, తలెత్తకుండా "ఊఁ" అనేది. పది వేళ్లూ దాని మీదే. భార్య పక్కన ఇంకో మగాణ్ణి చూసి కుళ్లుకునేవాళ్లు ఉంటారు గాని, కీబోర్డుని చూసి కుళ్లుకున్నవాణ్ణి ఈ తాలూకాలో నేనొక్కణ్ణేననుకుంటా. సెంటర్ మూసేసినప్పుడు అన్నీ అమ్మేసి, దాన్ని మాత్రం పసిపిల్లలా చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. కొంగులో కాదు లెండి, సంచిలో. చుట్టాల ఇళ్లలో పెళ్లి కుదిరితే శుభలేఖ మేటరు ఇప్పటికీ దాని మీద కొట్టి పంపిస్తుంది.

అలాంటిదే ఇంకొకటి రెడ్డిగూడెంలో మా తోడల్లుడి ఇంట్లో ఉంది. మా ఆవిడ చెల్లెలి భర్త ఆయన. ఏ వస్తువునైనా విప్పి బాగుచేయగలడని ఆ అక్కచెల్లెళ్ల పుట్టింట్లో పేరు. నాకు ఏ పేరూ లేదు. కొన్నేళ్ల కిందట ఆవకాయ పెట్టే రోజుల్లో చెల్లెలికి సాయానికని మా ఆవిడ అక్కడికి వెళ్తే, దిగబెట్టడానికి నేనూ వెళ్లాను. హాల్లో ఆయన కీబోర్డు అద్దాల బీరువా పక్కన మల్లెపువ్వులా మెరుస్తోంది. మా ఆవిడ దగ్గరికెళ్లి, ఒకటి రెండు మీటలు నొక్కి చూసి, "ఎంత తెల్లగా ఉంచారు మరిదిగారూ! మాది గోధుమరంగుకి తిరిగిపోయింది" అంది. ఆయన సిగ్గుపడుతూ, "ఏం లేదు వదినగారూ, సర్ఫు నీళ్లలో ముంచి కడిగాను" అన్నాడు. "మేమూ ఏటా కడుగుతాం" అన్నాను నేను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. నన్నెప్పుడైనా "ఎంత బాగా" అని ఏ విషయంలో మెచ్చుకుందా అని ఇంటిదాకా ఆలోచించుకుంటూ వచ్చాను. ఒక్కటీ దొరకలేదు.

మూడోనాడు ఆవకాయ తిరగకలిపాక గాని ఆవిడ రాదు. ఆ సాయంత్రమే కీబోర్డుని బకెట్లో ముంచి, పళ్లుతోమే బ్రష్షుతో రుద్ది కడిగాను. మురికి పోయింది, గోధుమరంగు పోలేదు. తువ్వాలుతో తుడిచి కంప్యూటరుకి తగిలిస్తే, ఒక మీట నొక్కితే నాలుగు అక్షరాలు పడుతున్నాయి. ఇంకో వరస మొత్తం మూగ. తీగ ఊడదీసి మళ్లీ పెట్టాను, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను, బోర్లించి వీపు మీద తట్టాను. ఎంటర్ మాత్రం ఏం చేసినా పలకలేదు. లోపల తడి ఉంది, వెచ్చటి చోట పెట్టాలి అనుకున్నాను. మామిడితోటల మధ్య పుట్టిన బుర్రకి వెచ్చటి చోటంటే ఏది తోస్తుంది? వెనక గదిలో గడ్డి పరిచి రసాలు మాగేసి ఉన్నాయి. చెయ్యి పెడితే కుంపటిలా ఉంది. కాయల మధ్య దాన్నీ పడుకోబెట్టి, పైన గడ్డి కప్పి, గోనెపట్టా వేశాను. ఆ వెచ్చదనంలో సగం చెమ్మేనని అప్పుడు తట్టలేదు.

మూడోనాడు మా ఆవిడ ఆవకాయ జాడీతో దిగింది, తోడల్లుడి స్కూటరు మీద. బల్ల ఖాళీగా ఉండటం చూసి, "ఏవండీ, కీబోర్డేదీ?" అంది. నేను వెనక గదికి దారి తీశాను. గడ్డి తప్పిస్తే, ఒక పండు మెత్తబడి పగిలి రసమంతా ఎంటర్ వైపు కారి ఉంది. తోడల్లుడు వంగి వాసన చూసి, "అన్నయ్యగారూ, బాగా మాగిందండీ" అన్నాడు. మా ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. పైటచెంగుతో మీటల మీద గడ్డిపరకలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తోడల్లుడు మీటలన్నీ ఊడబెరికి, మరలు విప్పి, ఇన్వర్టరులో పోసే బ్యాటరీ నీళ్లతో లోపలంతా కడిగి, వేడిగాలికి మంచం మీద ఆరబెట్టాడు. దాని పక్కన నేనూ ఆరాను. పొద్దు వాలాక బిగించి తగిలిస్తే మా ఆవిడ వచ్చి కూర్చుంది. ఒక్కో వరసా పలికింది. ఎంటర్ రెండుసార్లు మొరాయించి, మూడోసారి టక్కుమంది. ఆయన ఆ చప్పుడు వింటూ నిలబడి, "మాది కడిగిన రోజే పోయింది వదినగారూ" అన్నాడు మెల్లగా. "ఎంత విప్పినా రాలేదు. పారెయ్యలేక అలా పెట్టుకున్నాను." లోకంలో అంత తియ్యటి మాట నేను వినలేదు. ఆయన మొహం చూశాక ఆ తీపి కొంచెం తగ్గింది. కొంచెమే.

ఆయన వెళ్లాక అడిగాను, "మరి అంతలా మెచ్చుకున్నావేం?"

"నొక్కి చూశాగా, ఒక్క మీటా టక్కుమనలేదు. తెలుపు తప్ప దాన్లో మెచ్చుకోడానికి ఇంకేం మిగిలింది?" అంది. "మన దానిది మురికి కాదు. ఏళ్లు గడిచి తిరిగిన రంగు. కడిగితే ఎలా పోతుందనుకున్నారు?"

ఇప్పుడు పక్క గదిలో ఎవరిదో శుభలేఖ కొడుతోంది. రసం పిండి గ్లాసులో పోసి తీసుకెళ్లి, "తాగవే" అన్నాను. తలెత్తకుండా "ఊఁ" అంది. ఆవిడ జుట్టు తెల్లబడింది, ఆ మీటలు గోధుమరంగుకి తిరిగాయి, నాకు మెట్లెక్కితే ఆయాసం. ఆ కీబోర్డు మీద నా కుళ్లుకి మాత్రం, క్యారేజీ పట్టుకుని నిలబడ్డ ఆ మొదటి మధ్యాహ్నం నుంచి ఒక్క ఏడాది వయసు కూడా రాలేదు.